ఏ29 ఉందని తేలితే ఏం తేలినట్టు?

(కంటి వైద్య విద్యార్థులు, ఆప్టోమెట్రిస్టులు, ఫ్యామిలీ డాక్టర్లు, ఆసక్తి ఉన్న సాధారణ శ్రోతలు కలిసి విన్న ప్రసంగానికి అక్షర రూపం. తెర మీద బొమ్మ చూపించిన చోట ఆ సంగతి రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక కాగితం చూడండి.

(తెర మీద ల్యాబ్ రిపోర్టు: హెచ్ఎల్ఏ-ఏ లోకస్: ఏ*29, ఏ*33)

ఇంతే రిపోర్టు. ఏ29 అనేది ఒక జన్యు రకం, ఓ అరుదైన కంటి జబ్బుతో ముడిపడ్డది; లోకస్ అంటే జన్యువు ఉండే చోటు. ఒక్క లైను. ఇది చేతిలో పట్టుకుని వచ్చిన మనిషి అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "నాకు ఆ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" ఈ కాగితం ఒక్కటే చూసి ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేం. కానీ ఇదే కాగితం, కంటిని సరిగ్గా చూసిన తర్వాత వస్తే, దాదాపు తీర్పు అంత గట్టిగా మాట్లాడుతుంది. రెండూ నిజమే. ఎలా నిజమో చూపించడమే ఇవాళ్టి పని.

జబ్బు పేరు బర్డ్‌షాట్. పూర్తి పేరు బర్డ్‌షాట్ కోరియోరెటినోపతీ. పిట్టల్ని కొట్టే తూటా పేలిస్తే సన్న సీసపు గుండ్లు చెల్లాచెదురుగా తగులుతాయి చూడండి, కంటి వెనక గోడ మీద మచ్చలు అలా పడి ఉంటాయని ఆ పేరు. 1980లో అమెరికాలో స్టీఫెన్ రయన్, ఎడ్వర్డ్ మామెనీ 13 మంది పేషెంట్లను వర్ణిస్తూ పెట్టారు. అంతకు ముందే, 1949లో, ఫ్రాన్సెషెట్టి, బాబెల్ అనే వైద్యులు ఇలాంటి మచ్చల్నే ఫ్రెంచిలో "కొవ్వొత్తి మైనం చుక్కలు" అన్నారు. నన్నడిగితే ఆ పాత పేరే బాగుంది. తూటా అనగానే ఏదో పేలినట్టు, రాత్రికి రాత్రి చూపు పోయినట్టు అనిపిస్తుంది. ఈ జబ్బు అలా రాదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. మైనం కారినట్టే, నెమ్మదిగా, రెండు కళ్లలోనూ వస్తుంది.

వచ్చేది ఎక్కువగా యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లకి. దాదాపు అందరూ యూరప్ మూలాల వాళ్లు. ఆడవాళ్లు కాస్త ఎక్కువ. మొదట చెప్పే మాట "కళ్ల ముందు దారాలు, నలకలు తేలుతున్నాయి" అని. తర్వాత చీకట్లో తడబాటు, వెలుతురుకి కళ్లు చెదరడం, రంగులు వెలిసినట్టు కనబడటం, మెరుపులు. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. చార్టు చదివిస్తే 6/6 వస్తుంది. "చూపు బాగానే ఉందండీ, వయసుతో వచ్చే నలకలు" అని పంపించేస్తారు. ఈ జబ్బు చూపు నడిమి భాగాన్ని చాలాకాలం వదిలేసి, చుట్టూ ఉన్న రెటీనా పనిని తినేస్తుంది. చార్టు కొలిచేది ఆ నడిమి భాగాన్నే. ఆరు నెలల నుంచి చీకట్లో మెట్లు దిగలేకపోతున్నాను అనే మనిషికి 6/6 వచ్చిందంటే, తప్పు మనిషిది కాదు, చార్టుది.

(తెర మీద కంటి వెనక గోడ ఫోటో)

మచ్చలు ఎక్కడున్నాయో చూడండి. ఆప్టిక్ డిస్క్‌కి, అంటే చూపు నరం కంటిని కలిసే చోటుకి, ముక్కు వైపు, కింది వైపు. మీగడ రంగు, కొన్ని పసుపు-నారింజ. గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటాయి. అంచుల్లో నల్ల రంగు పేరుకోదు, అది ముఖ్యం. లోతుగా, రెటీనా వెనకున్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొరలో ఉంటాయి కాబట్టి కటకంతో దగ్గరగా, ప్రకాశవంతమైన వెలుతురులో చూస్తే తేలిపోయి కనబడకుండా పోతాయి. ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో, కాస్త తక్కువ వెలుతురులో, విశాలంగా చూస్తేనే పడతాయి కంటికి. ఇంకో చిక్కు: నలకలు మొదలైన కొన్నేళ్ల దాకా ఈ మచ్చలు పైకి తేలకపోవచ్చు.

ఇప్పుడు జన్యువు సంగతికి వస్తాను.

మన శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణం లోపల ప్రోటీన్లు తయారవుతుంటాయి, ముక్కలవుతుంటాయి. ఆ ముక్కల్లో కొన్నింటిని కణం తన పైపొర మీదకి తెచ్చి చూపిస్తుంది. మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పెట్టి చూపిస్తారే, అలాగ. బస్తా విప్పక్కర్లేదు, ఆ గుప్పెడు చూస్తే లోపలేముందో తెలుస్తుంది. చూసేది టీ-కణం, మన రోగనిరోధక వ్యవస్థ కాపలాదారు. లోపల వైరస్ ఉంటే ఆ గుప్పెట్లో తాలు కనబడుతుంది, ఆ కణాన్ని చంపేస్తుంది. అరచేయి అన్నానే, అదే హెచ్ఎల్ఏ. మొదటి తరగతిలో ఏ, బీ, సీ అని మూడు రకాలు. అమ్మ నుంచి ఒక వరస, నాన్న నుంచి ఒక వరస, మొత్తం ఆరు దాకా అరచేతులు. జన్యువులు ఆరో క్రోమోజోము పొట్టి చేతి మీద ఉంటాయి. మనుషుల్లో వీటి రకాలు వేలల్లో ఉన్నాయి. ఏ29 వాటిలో ఒకటి.

ఒక్కో అరచేయికీ ఒక్కో ఇష్టం. ఏ29 పట్టుకునే ముక్కల చివర చాలావరకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మరో హెచ్ఎల్ఏ అలాంటి ముక్కని పట్టుకోకుండా జార్చేయొచ్చు. అంటే, రెటీనాలోని ఏదో ప్రోటీన్ ముక్క ఏ29 ఉన్నవాళ్లలో బయటకి కనబడుతుంది, లేనివాళ్లలో కనబడదు. దాన్ని పరాయిదని టీ-కణం పొరబడితే జబ్బు మొదలు. అనుమానితుల్లో ఎక్కువగా వినబడే పేరు రెటీనల్ ఎస్-యాంటిజెన్. 1982లో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ నస్సెన్‌బ్లాట్ బృందం బర్డ్‌షాట్‌కీ ఏ29కీ ఉన్న సంబంధాన్ని మొదటిసారి చూపించినప్పుడు, ఈ పేషెంట్ల తెల్ల కణాలు ఎస్-యాంటిజెన్‌కి స్పందిస్తున్నాయని కూడా చెప్పింది. వాళ్లు చూసినది 20 మందిని, ఏ29 ఉన్నది 16 మందికి. మామూలు జనంలో 7 శాతం చిల్లర. తర్వాత ల్యాబ్ పద్ధతులు మెరుగయ్యాక, జబ్బు నిర్వచనం బిగిశాక, ఆ 80 శాతం కాస్తా 95 దాటింది. ఇప్పుడు 100కి దగ్గర. మనిషి జబ్బుల్లో ఒక హెచ్ఎల్ఏ రకానికీ ఒక జబ్బుకీ ఇంత గట్టి ముడి చాలా అరుదు.

మరి ఏ29 ఉన్న అందరికీ ఎందుకు రాదు? ఒక జవాబు కత్తెరలో ఉంది. ముక్కలు అరచేతిలో పట్టాలంటే పొడవు సరిపోవాలి, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలు, ఎక్కువగా తొమ్మిది. పొడుగ్గా ఉన్నవాటిని కత్తిరించే ఎంజైములు రెండు: ఈరాప్-1, ఈరాప్-2. వీటి జన్యువులు ఐదో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్నాయి. తమాషా ఏంటంటే, మనుషుల్లో దాదాపు నాలుగో వంతు మందికి ఈరాప్-2 అసలు తయారే కాదు. ఒక్క అక్షరం తేడాతో ఆ జన్యు సందేశం తప్పుగా అతుక్కుంటుంది, కణం దాన్ని చించేస్తుంది. వాళ్లు నిక్షేపంగా బతుకుతుంటారు. 2014లో డచ్, స్పానిష్ పేషెంట్లలో మొత్తం జీనోమ్‌ని జల్లెడ పట్టిన కైపర్ బృందానికి, ఏ29 తర్వాత దొరికిన పెద్ద గుర్తు ఈ ఈరాప్-2నే. ఎంజైము బాగా తయారయ్యే రకం ఉన్నవాళ్లకి జబ్బు ముప్పు ఎక్కువ. 2018లో ఇంకో మెట్టు: ఈరాప్-1 మందకొడిగా పనిచేసే రకం, దాంతో పాటు ఈరాప్-2 ఉండటం, ఈ జోడీ ముప్పుని పెంచుతుంది. అరచేయి ఏ29, దాన్లోకి గింజలు ఏరి పెట్టేది ఈరాప్-2. రెండూ కలిస్తే ఆ గుప్పెడు తీరే మారిపోతుంది.

ఇదే కథ ఇంకో రెండు చోట్ల వింటాం. వెన్నెముక జబ్బు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లో బీ27తో ఈరాప్-1, రక్తనాళాలు వాచే బెషెట్ జబ్బులో బీ51తో ఈరాప్-1. మూడింటినీ కలిపి "ఎంహెచ్‌సీ-1 జబ్బులు" అంటున్నారు, ఎంహెచ్‌సీ-1 అంటే మొదటి తరగతి హెచ్ఎల్ఏకే ఇంకో పేరు. ఆ వైపు ఇవాళ వెళ్లను. ఒక్క హెచ్చరిక మాత్రం: ఈరాప్ రకాలు పరిశోధన గదిలో విలువైనవి, క్లినిక్‌లో కావు. పేషెంటుకి ఆ పరీక్ష రాయకండి. వచ్చిన ఫలితంతో మీరు చేయగలిగింది ఏమీ లేదు.

లెక్కకి వద్దాం. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

యూరప్ మూలాల జనం 10 లక్షల మందిని తీసుకోండి. 7 శాతం చొప్పున ఏ29 ఉన్నవాళ్లు 70,000. బర్డ్‌షాట్ ఎంతమందికి? లెక్క సులువు కోసం లక్షకి ఒకరు అనుకుందాం, అంటే 10 మంది. ఆ పదిమందికీ ఏ29 ఉందనుకున్నా, 70,000లో 10. ఏడు వేల మందికి ఒకరు. కాబట్టి దారిన పోయేవాళ్లకి ఏ29 ఉందని తేలితే, 7,000లో 6,999 వంతులు ఈ జబ్బు లేనట్టే.

ఇప్పుడు దారిన పోయేవాళ్లని వదిలి, కంటి వెనక భాగంలో వాపు ఉన్న 100 మందిని తీసుకోండి. ఐరోపాలో పెద్ద ఆసుపత్రి. వాళ్లలో 7గురికి బర్డ్‌షాట్ అనుకుందాం. ఆ ఏడుగురికీ ఏ29 ఉంటుంది. మిగిలిన 93 మందిలో 7 శాతం, అంటే ఆరుగురో ఏడుగురో, వాళ్లకి వేరే జబ్బు, ఏ29 కూడా ఉంది. పాజిటివ్ వచ్చిన పద్నాలుగు మందిలో సగం మందికే బర్డ్‌షాట్. బొమ్మా బొరుసూ వేసినట్టు.

మూడో గుంపు. రెండు కళ్లలో మీగడ మచ్చలు, ముక్కు వైపు కింది వైపు, కంటి ముందు గది ప్రశాంతం, విట్రియస్‌లో, అంటే కంటి లోపలి జెల్లీలో, కొద్దిగా మసక. ఇలాంటి 100 మందిని ఏరితే 80 మందికి బర్డ్‌షాటే అనుకుందాం. 80లో 97 శాతానికి పాజిటివ్, అంటే 78. మిగతా 20 మందిలో ఒకరో ఇద్దరో పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ అంటే 98 శాతం నమ్మకం. అదే రక్తం, అదే ల్యాబ్, అదే లైను. మారింది కంటి పరీక్ష ఒక్కటే.

నెగటివ్ సంగతి? అదే మూడో గుంపులో నెగటివ్ వచ్చినవాళ్లు ఇరవై ఒక్కరు ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురికే బర్డ్‌షాట్. అంటే నెగటివ్ వచ్చిందంటే ఆగి మళ్లీ ఆలోచించాలి: సార్కాయిడోసిస్ (ఒంట్లో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు), సిఫిలిస్, క్షయ, యాభై దాటిన మనిషైతే కంటి లింఫోమా అనే క్యాన్సర్. ముఖ్యంగా చివరిది. స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా కొన్నాళ్లు తగ్గినట్టు నటిస్తుంది, ఈలోగా మెదడులోకి పాకుతుంది. నా ఉద్దేశంలో ఏ29 పరీక్షకి ఉన్న అసలు విలువ ఈ నెగటివ్‌లోనే. పాజిటివ్ మనం అనుకున్నదాన్ని బలపరుస్తుంది, నెగటివ్ మనల్ని తప్పు దారి నుంచి లాగుతుంది.

ఈ లెక్క నచ్చే కాబోలు, 2006లో ప్రచురించిన అంతర్జాతీయ నిర్ధారణ సూత్రాల్లో ఏ29ని తప్పనిసరి కోవలో పెట్టలేదు, బలపరిచే అంశాల్లో పెట్టారు. తప్పనిసరివి: రెండు కళ్లలో జబ్బు, కనీసం ఒక కంట్లో డిస్క్ దగ్గర కింది వైపో ముక్కు వైపో మూడు మచ్చలు, ముందు గదిలో వాపు 1+ మించకపోవడం, విట్రియస్ మసక 2+ మించకపోవడం (1+, 2+ అనేవి తీవ్రతని కొలిచే మెట్లు). కార్నియా వెనక కణాల ముద్దలు ఉన్నా, కనుపాప అతుక్కుని ఉన్నా అది బర్డ్‌షాట్ కాదు. 2021లో, కంటి లోపలి వాపు జబ్బుల పేర్లని ప్రామాణీకరించే అంతర్జాతీయ బృందం ఎస్‌యూఎన్ తెచ్చిన వర్గీకరణ ఇంకో తలుపు తెరిచింది: మచ్చలు కంటికి ఆనకపోయినా, ఏ29 ఉండి, ఐసీజీ అనే ఫోటో పరీక్షలో ఈ జబ్బు తరహా నల్ల చుక్కలు ఉంటే చాలు. మచ్చలు కొన్నేళ్లు ఆలస్యంగా తేలతాయి అన్నానే, ఆ ఖాళీని ఇది పూడుస్తుంది. కానీ సిఫిలిస్ పరీక్ష, సార్కాయిడ్ కోసం ఛాతీ ఎక్స్‌రే లేకుండా ఏ దారిలోనూ ముందుకు పోకూడదు.

ఐసీజీ అంటే ఇండోసయనిన్ గ్రీన్ యాంజియోగ్రఫీ. రక్తనాళంలోకి 25 మిల్లీగ్రాముల రంగు ఎక్కించి కోరాయిడ్‌ని ఫోటో తీస్తారు. అయోడిన్ ఎలర్జీ ఉందా అని ముందు అడగండి. జరిగే పొరపాటు: పది నిమిషాలకే ఫోటోలు ఆపేయడం. ఆలస్యపు ఫోటోలు 25, 30 నిమిషాల దగ్గర కావాలి. మధ్య దశలో నల్లగా ఉన్న చుక్క చివరికి చుట్టుపక్కలతో కలిసిపోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. చివరిదాకా నల్లగానే ఉంటే మండుతున్నదో, లేక ఎండిపోయి మచ్చకట్టినదో. ఫ్లోరసీన్ అనే ఇంకో రంగు ఎక్కించి తీసే ఫోటో పరీక్ష ఇక్కడ మచ్చల్ని సరిగా చూపించదు, సిరల వెంట లీకుని, మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపుని చూపిస్తుంది. అందుకని రెండూ ఒకే సిట్టింగ్‌లో చేయడం మంచిది.

ఇక ల్యాబ్. దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో 3 మిల్లీలీటర్ల రక్తం చాలు. పరగడుపు అక్కర్లేదు. గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిరగేయాలి, గడ్డకడితే డీఎన్ఏ దిగుబడి పడిపోతుంది. ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం పనికిరాదు: డీఎన్ఏ కాపీలు తీసే పీసీఆర్ పద్ధతిలోని ఎంజైముని హెపారిన్ అడ్డుకుంటుంది, ఫలితం "రాలేదు" అని వస్తుంది, లేదా ఇంకా చెడ్డది, సగం వస్తుంది. స్టెరాయిడ్లు వాడుతున్నా డీఎన్ఏ పరీక్షకి ఇబ్బంది లేదు. జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు, ఇది మారేది కాదు, జబ్బు తగ్గిందా పెరిగిందా అని చూడటానికి మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. ఎముక మజ్జ మార్పిడి జరిగిన మనిషైతే మాత్రం రక్తంలో కనబడేది దాత హెచ్ఎల్ఏ. ఆ సంగతి ల్యాబ్‌కి ముందే చెప్పాలి.

పరీక్ష పేరు సరిగ్గా రాయండి. "హెచ్ఎల్ఏ" అని మాత్రం రాస్తే, మన దగ్గర చాలాచోట్ల బీ27 చేసి పంపుతారు, ఎక్కువ అడిగేది అదే కాబట్టి. బీ27 నెగటివ్ అంటే ఏ29 గురించి ఒక్క ముక్క కూడా చెప్పినట్టు కాదు. అవి వేరే లోకస్‌లు. అలాగే కిడ్నీ మార్పిడి ముందు చేసే క్రాస్‌మ్యాచ్ వేరు, టైపింగ్ వేరు. మీకు కావలసింది "హెచ్ఎల్ఏ-ఏ లోకస్ డీఎన్ఏ టైపింగ్". కిడ్నీ మార్పిడి టైపింగ్ చేసే ల్యాబ్‌లన్నీ ఏ లోకస్ చూస్తాయి. రెండంకెల స్థాయి, అంటే ఏ*29 అని తేలితే చాలు.

పాత సీరాలజీ పద్ధతిలో బతికున్న తెల్ల కణాల మీద యాంటీబాడీ, కుందేలు కాంప్లిమెంట్ వేసి, చచ్చిన కణాల్ని రంగుతో లెక్కపెట్టేవాళ్లు. అక్కడ ఏ29 అనేది ఏ19 అనే పెద్ద కుటుంబంలో ఒక పాయ. అదే కుటుంబంలో ఏ30, ఏ31, ఏ32, ఏ33, ఏ74 కూడా ఉన్నాయి. యాంటీబాడీలు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేవి. మన దేశంలో ఏ33 బాగా కనబడుతుంది. కాబట్టి ఎవరి దగ్గరైనా "ఏ19" అని పాత రిపోర్టు ఉంటే దాన్ని ఏ29 అని చదవకండి, డీఎన్ఏతో మళ్లీ చేయించండి.

ఇప్పుడు వాడేవి పీసీఆర్ పద్ధతులు. వాటిలో ఎస్ఎస్‌పీ అనే రకంలో ఒక్కో గొట్టంలో రెండు గీతల కోసం చూస్తారు: ఒకటి ఎప్పుడూ రావలసిన కంట్రోల్ గీత, రెండోది ఏ29 ఉంటేనే వచ్చే గీత. రెండిట్లో ఏ గీతా రాకపోతే అది నెగటివ్ కాదు, పరీక్ష ఫెయిలైనట్టు. ఈ తేడా రాయకుండా "నెగటివ్" అని పంపిన రిపోర్టు ప్రమాదకరం.

ఇక రాత. 2010కి ముందు ఏ*2902 అని రాసేవాళ్లు, ఇప్పుడు ఏ*29:02. కోలన్‌కి ముందున్నది కుటుంబం, తర్వాతది కచ్చితమైన ప్రోటీన్. యూరప్ వాళ్లలో ఎక్కువ 29:02, ఆసియాలో 29:01 వాటా ఎక్కువ. కొంతకాలం 29:02 ఒక్కటే జబ్బు తెస్తుంది, 29:01 కాపాడుతుంది అన్నారు. తర్వాత 29:01 ఉన్న పేషెంట్లూ తేలారు. ఆ వాదన ఆధారంగా నిర్ణయాలు తీసుకోకండి. పేరు చివర ఎన్ అక్షరం ఉంటే మాత్రం ఆగండి. ఆ జన్యువు ఉంది గానీ ప్రోటీన్ తయారు కాదని అర్థం.

మన గడ్డ మీద ఈ జబ్బు ఎంత? చాలా చాలా తక్కువ. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక మనిషి కంటి వెనక అనేక మచ్చలతో వస్తే, మొదటి అనుమానం క్షయ. తర్వాత వీకేహెచ్, అంటే వోగ్ట్-కొయనాగి-హరాడా జబ్బు, సార్కాయిడ్, సిఫిలిస్. వీకేహెచ్‌కి వేరే గుర్తు ఉంది, డీఆర్4, అందులోనూ డీఆర్‌బీ1*04:05. అది రెండో తరగతి హెచ్ఎల్ఏ, జబ్బు పడేది రంగు కణాల మీద, అందుకే తలనొప్పి, చెవిలో హోరు, తర్వాత తెల్ల మచ్చలు, తెల్ల వెంట్రుకలు. వీకేహెచ్‌ని నిర్ధారించడానికి డీఆర్4 అక్కర్లేదు, కథ వింటే, ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) చూస్తే చాలు. ఇలాంటి చోట ఏ29 పరీక్ష అందరికీ రాస్తే ఏమవుతుంది? వెయ్యి మందిలో ఒక్కరికి బర్డ్‌షాట్, మిగతావాళ్లలో 3 శాతానికి ఏ29 అనుకుని లెక్క వేయండి. పాజిటివ్ 31, నిజం 1. మిగతా ముప్పై మందిలో ఒకరికి క్షయ ఉండి, బర్డ్‌షాట్ అని రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలుపెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మందుల గురించి రెండే మాటలు. ఏ29 ఉందా లేదా అన్నది మందు ఎంపికని మార్చదు. స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే తగ్గించగానే జబ్బు తిరగబెడుతుంది, అందుకే రోగనిరోధక శక్తిని అణిచే మందు జోడించాలి: మైకోఫినొలేట్ రోజుకి 2 నుంచి 3 గ్రాములు, లేదా మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, లేదా ఎడాలిముమాబ్ మొదట 80, వారం తర్వాత 40, ఆపై రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు. ఎడాలిముమాబ్‌కి ముందు క్షయ పరీక్షలు తప్పవు. మెథోట్రెక్సేట్ "వారానికి ఒకసారి" అన్న మాటని చీటీ మీద వారం పేరుతో సహా రాయండి. రోజూ మింగి ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. మందు పనిచేస్తోందా అని చూడటానికి చార్టు చాలదు: విజువల్ ఫీల్డ్ (చుట్టూ ఎంతమేర కనబడుతోందో చూసే పరీక్ష), 30 హెర్ట్జ్ ఫ్లికర్ ఈఆర్జీ (మిణుకు వెలుతురుకి రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనని కొలిచే పరీక్ష) కావాలి. ఈఆర్జీలో తరంగం ఎత్తు కంటే అది రావడానికి పట్టే సమయం ముందుగా సాగుతుంది, దాన్ని చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బంధువుకి కంటి వెనక మచ్చలున్నాయి, ఏ29 చేయమన్నారు. ఆమె అక్కడి డాక్టరుకి ఏం చెప్పాలండీ?

జవాబు: పుట్టి పెరిగింది ఎక్కడో, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందో చెప్పమనండి. ఇక్కడ పెరిగినవాళ్లలో చాలామందికి క్షయ రక్త పరీక్ష పాజిటివ్ వస్తుంది, లోపల నిద్రాణంగా ఉన్నదాని వల్ల. అది కంట్లో క్షయ ఉందని రుజువు కాదు, కానీ స్టెరాయిడ్‌కి ముందు తేల్చుకోవలసిన విషయం. ఏ29 పరీక్ష చేయించుకోవడంలో తప్పు లేదు, సిఫిలిస్ పరీక్ష, ఛాతీ స్కాన్ కూడా అయ్యాయా అని అడగమనండి.

ప్రశ్న: బర్డ్‌షాట్ ఉన్న తండ్రి, ఇద్దరు పిల్లలు. పిల్లలకి ఏ29 చూడాలా సార్?

జవాబు: వద్దు. తండ్రికి ఏ29 ఒక కాపీ ఉంటే ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగం. వచ్చినా, ఇందాకటి లెక్క ప్రకారం వేలల్లో ఒకరికి జబ్బు. ముందు జాగ్రత్తగా వేసుకునే మందు ఏదీ లేదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం చాలా అరుదు. పిల్లలకి నలభై దాటాక నలకలు, చీకట్లో తడబాటు మొదలైతే, తండ్రికి ఈ జబ్బు ఉందని కంటి డాక్టరుకి చెప్పమనండి.

ప్రశ్న: ఇందాక చూపించిన రిపోర్టులో ఏ*29 పక్కన ఏ*33 ఉంది. రెండూ ఉండటం వల్ల ముప్పు పెరుగుతుందా?

జవాబు: లేదు. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చింది, అంతే. ఒక్కోసారి "ఏ*29, –" అని గీత ఉంటుంది. రెండు కాపీలూ ఏ29 కావచ్చు, లేదా రెండోదాన్ని కిట్ పట్టుకోలేకపోయి ఉండొచ్చు. బర్డ్‌షాట్ నిర్ధారణకి ఒక్క కాపీ చాలు కాబట్టి, ఆ గీత ఏమిటో తేల్చడానికి ఇంకో పరీక్ష రాయకండి.